వెక్కిరించాలన్నా చదవాలి కదా!

హన్మకొండలో ఈమధ్య ఓ పుస్తకావిష్కరణ సభ అయ్యాక బయట చాయ్ తాగుతున్నాం. ఓ మిత్రుడు ఆ పుస్తకం ముందుమాటను అందుకున్నాడు: "ఈ కవితల్లో మట్టి వాసనుంది, చెమట వాసనుంది. లేనిది మిర్చీ బజ్జీ వాసనే, ఆ లోటు నిర్వాహకులు తీర్చారు." అందరం పగలబడి నవ్వాం. కవితల మీద ఒక పేరడీ చెప్పవోయ్ అంటే మాత్రం నీళ్లు నమిలాడు. చదివితే కదా! చదవనిది అతనొక్కడే కాదు, మేమూ అంతే.

పేరడీకి అసలు రచన చెప్పేవాడికే కాదు, వినేవాడికీ నోటికి రావాలి. జరుక్ శాస్త్రి పేరడీలు పేలాయంటే, శ్రీశ్రీ గేయాలు అప్పటికే కుర్రకారు నోళ్లలో నానుతుండటం వల్లే. మన పల్లెల్లో ఈ కిటుకు పిట్టల దొరకు బాగా తెలుసు. ఖాకీ డ్రెస్సు, టోపీ, కట్టె తుపాకి వేసుకొని లేని ఆస్తుల గురించి కోతలు కోస్తాడు. దొర మాట ఎట్లుంటదో వాడకట్టులో పిల్లలకు కూడా తెలుసు కాబట్టే నవ్వు.

ఇప్పటి పుస్తకాల్లో పేరడీకి బాగా లొంగేవి విజయ రహస్యాలు చెప్పేవే. వాటి తీరు చదవనివాళ్లకూ తెలుసు. తెల్లారి నాలుగింటికి లేస్తే కోటీశ్వరులవుతారట! ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు రెండింటికే లేస్తాడు. ఆయన జీవితాన్ని అదే ధోరణిలో, అవే అధ్యాయాలతో రాస్తే చాలు. వేరే జోకు అక్కర్లేదు. చివరి అధ్యాయం పేరు 'తరుగు'.

కథలు, కవిత్వం జోలికి ఎవరూ పోరు. కేసుల భయమా అంటే, అదేం కాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకు చోటిచ్చింది. ఒక నాటకానికి జవాబుగా రాసిన ప్రతినాటకాన్ని 1996లో కేరళ హైకోర్టు ఆ సెక్షన్ కిందే సమర్థించింది. మన టెన్షన్ వేరు. ఊరు చిన్నది, సాహిత్యం ఇంకా చిన్నది. ఇవాళ ఎవరినైనా వెక్కిరిస్తే రేపు మన పుస్తకానికి ముందుమాట రాసేదెవరు?

ఆ మిత్రుడు తర్వాత పుస్తకం నిజంగానే చదివాడు. వారానికి ఫోన్ చేసి ఎనిమిది పాదాల పేరడీ వినిపించాడు. అదిరింది, పంపించు అన్నాను.

"వద్దులే అన్నా, వచ్చే నెల నా పుస్తకం సభకు ఆ కవే ముఖ్య అతిథి."