నలభై ఏళ్ళకే మతి పోతుందన్న ప్రచారంలో నిజమెంత?

“డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి నలభై రాగానే డిమెన్షియా ఖాయం, అదంతా అదనపు క్రోమోజోమ్ మహిమే, జన్యుపరీక్ష చేయిస్తే ఏ వయసులో వస్తుందో ముందే తెలుస్తుంది” అన్న సందేశం వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతోంది. డౌన్ సిండ్రోమ్ అంటే సాధారణంగా 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ప్రతులుగా ఉండే పుట్టుకతో వచ్చే స్థితి; డిమెన్షియా అంటే జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా క్షీణించడం. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉండటం వల్లనే దీన్ని ఖండించడం అవసరమైంది.

నలభై ఏళ్ళ నాటికి వీరిలో దాదాపు అందరి మెదడులోనూ ఎమిలాయిడ్ (డిమెన్షియాకు ప్రధాన కారణమైన అల్జైమర్స్ వ్యాధిలో కనిపించే ప్రొటీన్ పేరుకుపోత) పేరుకుని ఉంటుందన్నది వాస్తవమే. అయితే మెదడులో మార్పు కనిపించడం వేరు, మనిషి జ్ఞాపకమూ పనితీరూ దెబ్బతినడం వేరు. బార్సిలోనా, కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో డిమెన్షియా దశకు చేరిన మధ్యస్థ వయసు 54 ఏళ్ళకు దగ్గరగా తేలింది. జీవితకాలంలో ముప్పు 90 శాతానికి పైనే ఉందన్న సంగతిని దాచవలసిన పని లేదు, కానీ నలభైకీ యాభై నాలుగుకూ మధ్య ఉన్నది ఒక కుటుంబానికి చిన్న వ్యవధి కాదు.

ఇక రెండో మాట. 21వ క్రోమోజోమ్‌పై రెండు వందలకు పైగా జన్యువులు ఉన్నా, ఇక్కడ ప్రధాన దోషి ఎమిలాయిడ్‌కు మూలమైన ప్రొటీన్‌ను తయారుచేసే ఏపీపీ జన్యువు. డౌన్ సిండ్రోమ్ ఉండి కూడా, క్రోమోజోమ్‌లో కొంత భాగమే అదనంగా ఉండటం వల్ల ఏపీపీకి మూడో ప్రతి లేని ఒక మహిళ 78 ఏళ్ళు బతికారు. మరణానంతరం పరీక్షిస్తే ఆమె మెదడులో అల్జైమర్స్ ఆనవాళ్ళు లేవని 1998లో వైద్యులు నివేదించారు. దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ 2006లో ఫ్రాన్స్‌లో బయటపడింది: డౌన్ సిండ్రోమ్ లేకపోయినా, ఈ ఒక్క జన్యు ప్రాంతం రెట్టింపైన కుటుంబాల్లో అల్జైమర్స్ చిన్న వయసులోనే వచ్చింది. పైగా 21తో ఏ సంబంధమూ లేని 19వ క్రోమోజోమ్‌పై ఉన్న అపోఈ జన్యువు కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. దాని ఈ4 రూపం ఉన్నవారిలో లక్షణాలు సగటున రెండేళ్ళో, మరికాస్త ఎక్కువో ముందుగా మొదలవుతాయి.

ఆ “సగటున” అన్న మాటతోనే మూడో వాదన కూలిపోతుంది. ఈ4 ఉందని తెలిసినా అది వ్యక్తికి తేదీ చెప్పదు.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఈ సందేశం చేసే నష్టం. ముప్పై ఆరేళ్ళ మనిషి రోజూ తానే పెట్టుకునే చొక్కా గుండీల దగ్గర ఆగిపోయి, మాట తగ్గించి, మూలన కూర్చుంటే, ఇంట్లోవారు “అనుకున్నదే అయింది” అని ఊరుకునే ప్రమాదం ఉంది. థైరాయిడ్ లోపం, వినికిడి తగ్గడం, నిద్రలో శ్వాస ఆగడం, కుంగుబాటు వీరిలో తరచుగా కనిపించేవే, చికిత్సకు లొంగేవే. నలభై లోపు వారికి అల్జైమర్స్ డిమెన్షియా అని నిర్ధారించేటప్పుడు జాగ్రత్త వహించాలని 2020 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు ప్రత్యేకంగా చెప్పాయి. థైరాయిడ్ పరీక్షను 21వ ఏట నుంచే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చేయించమన్నాయి.