జలపాతాల దగ్గర మనిషిని పెట్టండి

తొలకరి పడి వాగులు పారడం మొదలయ్యేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆదివారం తీరు మారిపోతుంది. హైదరాబాద్, వరంగల్ వాళ్లు బొగతకు, నిర్మల్, ఆదిలాబాద్ వాళ్లు కుంతాల, పొచ్చెరకు, రాజమహేంద్రవరం, కాకినాడ వాళ్లు మారేడుమిల్లికి, విశాఖ వాళ్లు అనంతగిరి, కటికి, కొత్తపల్లి జలపాతాలకు, తిరుపతి వాళ్లు తలకోనకు తెల్లవారకముందే బయల్దేరుతారు. పులిహోర కట్టుకొని వెళ్లి, నీళ్లలో తడిసి, కాసేపు కొండెక్కి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది అందరి లెక్క. ఇది మంచి అలవాటని మేం నమ్ముతున్నాం. హోటల్ గదికి డబ్బు పోయకుండా, ఆఫీసుకు సెలవు పెట్టకుండా ఒక సామాన్య కుటుంబం అడవి మొహం చూడటానికి ఉన్న దారి ఇదే. అపార్ట్‌మెంట్‌లో పెరుగుతున్న పిల్లలకు మద్ది చెట్టుకూ వెదురు పొదకూ తేడా తెలిసేది ఇలాంటి రోజునే.

చూడదగ్గది అక్కడ నిజంగానే ఉంది. తూర్పు కనుమల్లో ఎక్కువ భాగం వేసవికి ఆకు రాల్చే అడవే అయినా, మారేడుమిల్లి చుట్టుపక్కల ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్లు కలిసిన అర్ధ సతత హరితారణ్యం ఇంకా మిగిలి ఉంది. గోదావరికి రెండు వైపులా, 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ పార్కు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. అక్కడ 270 అడుగుల పైనుంచి ధార పడుతుంది. అక్కడి అడవిలో చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగను చూసి ఆగని మనిషి ఉండడు. అదే శేషాచలం కొండల్లో, అటు పాపికొండల్లో బంగారు బల్లి బతుకుతోంది. ప్రధానంగా తూర్పు కనుమల్లోనే కనిపించే జీవి అది. ఒళ్లంతా పసుపు పూసినట్టు ఉంటుంది. వాగు పక్కన చల్లగా ఉండే బండల సందుల్లో చేరి, ఆ రాతికే గుడ్లు అతికిస్తుంది. ఎన్నో బల్లులు ఒకేచోట పెట్టిన గుడ్లు గుత్తులుగా కనిపిస్తాయి. మనవాళ్లు పెయింటుతో పేర్లు రాసేదీ, పొయ్యి పెట్టి మసి చేసేదీ అలాంటి బండల మీదే.

ఇంత సంపద ఉన్న చోటికి సంతోషంగా వెళ్లినవారిలో కొందరు ప్రతి వానాకాలం తిరిగి రావడం లేదు. 2024 సెప్టెంబరులో ఏలూరు నుంచి విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు మారేడుమిల్లి దగ్గరి జలతరంగిణి జలపాతంలో ఉండగా ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. కొందరు కొట్టుకుపోయారు. ఇద్దరిని కాపాడగలిగారు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. నాలుగైదేళ్లలో వేల మందికి వైద్యం చేయాల్సిన పిల్లలు వాళ్లు. అంతకు ఏడాది ముందు, 2023 జూలై 26న, ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో సుమారు 700 అడుగుల ముత్యాలధారను చూడబోయిన దాదాపు 80 మంది, తిరుగు దారిలో వాగు ఉప్పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు సహాయ దళం రాత్రంతా శ్రమించి వాళ్లను బయటికి తెచ్చింది. ఆ రాత్రి గడిచేసరికి అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత వాన నమోదు కాలేదు. అలాంటి రాత్రి అడవిలో చిక్కిన 80 మంది ప్రాణాలతో బయటపడ్డారంటే అది దళం చేసిన పుణ్యం. అంతమంది అడవిలోకి వెళ్తుంటే, పైన వాన ముంచుకొస్తోందని దారిలో ఒక్కరైనా ఆపి చెప్పాల్సింది కాదా?

ఇలాంటి మరణాలకు మన దగ్గర 'ఈతకు వెళ్లి మృతి' అన్న శీర్షిక సిద్ధంగా ఉంటుంది. తప్పంతా చనిపోయినవాడిదే అన్న అర్థం అందులోనే ఉంది. నిజానికి జలపాతం కింద మడుగు ఊరి చెరువులాంటిది కాదు. ఎత్తు నుంచి పడే నీరు గాలిని వెంటబెట్టుకొని లోపలికి దూసుకుపోతుంది. తెల్లగా నురగలెత్తే ఆ చోట నీళ్లలో గాలి కలిసిపోయి ఉంటుంది కాబట్టి అవి మనిషిని తేల్చలేవు, చేతులు ఎంత ఆడించినా పట్టు చిక్కదు. అడుగుకు వెళ్లిన నీరు పైకి తిరిగి మళ్లీ ధార కిందికే వస్తుంది. ఆ సుడిలో పడ్డవాడిని కూడా అక్కడికే లాగుతుంది. ఏళ్లకేళ్లు నీరు కోసిన బండల అడుగున గుహల్లాంటి సందులు ఉంటాయి. పైనుంచి దూకినవాడు వాటిలో ఇరుక్కుంటే గజ ఈతగాళ్లకే గంటలు పడుతుంది. ఇక బండల మీది పాకుడు సంగతి సరేసరి, చెప్పులున్నా లేకున్నా జారుతుంది. ఇన్నిటి ముందు ఈత వచ్చా రాదా అన్నది చిన్న విషయం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కనబడదు కూడా. మడుగు దగ్గర ఎండ కాస్తుండగానే ఎగువన, కొండ అవతల, కుండపోత కురుస్తుంటుంది. వాలు ఎక్కువ కాబట్టి ఆ నీరు చాలా త్వరగా దిగుతుంది. మోకాలి లోతు వాగు చూస్తుండగానే నడుము దాటుతుంది. గూడెంలో పుట్టినవాళ్లకు దీని గుర్తులు తెలుసు. తేటగా ఉన్న నీరు ఎర్రబడుతుంది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. ధార చప్పుడు బరువెక్కుతుంది. వీటిలో ఒక్కటి కనబడినా పిల్లలను ఎత్తుకొని గట్టెక్కాలి. వాగు అవతల ఉంటే, ఇవతలికి దాటే ప్రయత్నం మానుకొని ఎత్తైన చోట ఆగిపోవాలి. నగరం నుంచి వచ్చినవాడికి ఇదంతా తెలియకపోవడం నేరం కాదు. వానొస్తే రోడ్డు మునుగుతుందని తెలిసినవాడే గాని, వాన పడని చోట వరద వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ప్రాణం పోయిన మర్నాడు జరిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. 'ప్రవేశం నిషేధం' అని ఫ్లెక్సీ కడతారు, ఇనుప గొలుసు వేస్తారు, వారం పది రోజులు పోలీసులను ఉంచుతారు. ఆ తర్వాత గొలుసు ఊడుతుంది, ఫ్లెక్సీ చిరుగుతుంది. అసలు నిషేధం ఉన్నన్నాళ్లు కూడా జనం ఆగరు. గేటు ఉన్న జలపాతం మూస్తే, గేటు లేని జలపాతానికి పోతారు. రీల్స్‌లో చూసి, మ్యాప్‌లో చుక్క పెట్టుకొని వెళ్లేవాడికి ఏ ఫ్లెక్సీ అడ్డు కాదు. పైగా మూసివేత దెబ్బ మొదట తగిలేది గేటు దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే అక్కకు, బొంగులో చికెన్ వండుకునే కుటుంబానికి. ఉన్న రెండు మూడు నెలల గిరాకీ అలా పోతుంది.

పొరుగు రాష్ట్రాలు ఈ పనిని మరోలా చేసి చూపించాయి. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు 23 మంది ట్రెకింగ్ యాత్రికులు బలయ్యారు. కొండలకు తాళం వేయడం అప్పుడు చాలా తేలిక. కొంత కట్టడి తర్వాత ఆ రాష్ట్రం 2024 అక్టోబరులో 40 దారులను ఎంచి, సులువు, మధ్యస్థం, కఠినం అని విడదీసి, స్థానిక గిరిజన యువతకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి తెరిచింది. ఎవరు వెళ్లాలన్నా ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. కర్ణాటకలో 2024 జనవరి చివర కుమారపర్వతం మీదికి ఒక్కసారిగా వేల మంది ఎగబడ్డారు. అక్కడి ప్రభుత్వం కొన్నాళ్లు ట్రెకింగ్ ఆపి, ఆన్‌లైన్ టికెట్ పెట్టి, ఒక్కో దారికి రోజుకు 300 మందే అని హద్దు గీసింది. ఈ ఏర్పాట్లలో లోపాలు ఉండొచ్చు. కానీ అక్కడ కొండ మీద ఎవరున్నారో, ఎందరున్నారో ప్రభుత్వానికి తెలుసు. మన జలపాతాల దగ్గర చాలా చోట్ల ఆ లెక్కే లేదు. ఎవరైనా గల్లంతైతే, మొత్తం ఎంతమంది వచ్చారో తేల్చుకోవడానికే సగం పొద్దు పోతోంది.

మనకు లేనిది పరికరం కాదు. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఎక్కడ ఎంత వాన పడిందో ఎప్పటికప్పుడు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ పిడుగు పడబోతోందని ఫోన్లకు సందేశాలు పంపుతోంది. ఇంత సమాచారం రాజధానిలో తెర మీద కనబడుతోంది గాని, వాగు గట్టున నిలబడ్డవాడికి చేరడం లేదు. చాలా జలపాతాల దగ్గర సెల్ సిగ్నలే దొరకదు. కాబట్టి సందేశం అందుకోవడానికి వైర్‌లెస్ సెట్టు, దాన్ని వినిపించడానికి ఒక సైరన్, అన్నిటికన్నా ముఖ్యంగా 'ఇక చాలు, బయటికి రండి' అని చెప్పే అధికారం ఉన్న ఒక మనిషి గట్టు మీద ఉండాలి. ఆ మనిషి పక్క గూడెం వాడే కావాలి. వాగు రంగు చూసి వరద పసిగట్టగలిగేది వాళ్లే. ఈరోజు గుండంలో దిగి శవాలను బయటికి తీస్తున్నదీ చాలా చోట్ల వాళ్లే. శవం తీసే పనికి పిలిచే మనుషులను ప్రాణం కాపాడే పనికి జీతమిచ్చి పెట్టుకోలేమా?

దీనికి కొత్త సంస్థలు పుట్టించనక్కర్లేదు. మారేడుమిల్లిలో వలమూరు తదితర ఊళ్ల వనసంరక్షణ సమితులు అతిథి గృహాలు నడుపుకుంటూ దారి చూపించాయి. నల్లమలలో చెంచు యువకులు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో గైడ్లుగా పనిచేస్తున్నారు. అలాంటి గైడు వెంట ఒక పూట నడిచినవాడికి అడుగుజాడ చూసి జంతువును చెప్పడమంటే ఏమిటో తెలుస్తుంది. టికెట్ మీద, పార్కింగ్ మీద వసూలయ్యే సొమ్ములో సింహభాగం ఆ సమితుల ఖాతాలోకే పోవాలి, అందులోంచే కాపలావాళ్ల జీతాలు రావాలి. ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించాలి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతోంది, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు దానికి మరింత బలమిచ్చింది. అయినా వ్యూ పాయింట్ల చుట్టూ గిరిజనుల పేరు మీద బయటివాళ్లు నడిపే రిసార్టులు లేస్తున్నాయన్న ఫిర్యాదులు ఆగడం లేదు. ఆదాయం ఊరికి నేరుగా అందే ఏర్పాటు లేకపోతే ఈ బినామీ బేరాలను ఏ చట్టమూ ఆపలేదు.

చెత్త గురించి చెప్పేది తక్కువే, ఎందుకంటే దారి తెలిసిందే. గేటు దగ్గర ప్లాస్టిక్ సీసాకు డిపాజిట్ కట్టించుకొని, తిరిగి తెచ్చి చూపిస్తే డబ్బు వాపసు ఇవ్వాలి. అడ్డాకుల విస్తర్లు కుట్టే ఆడవాళ్లు మన్యం నిండా ఉండగా థర్మాకోల్ ప్లేట్లను లోపలికి ఎందుకు రానివ్వాలి? మద్యం సీసా ఉన్న బండిని మాత్రం డిపాజిట్ లేదు, జరిమానా లేదు, వెనక్కి తిప్పి పంపాల్సిందే. మత్తులో బండ మీద నిలబడి ఫొటో దిగే ఒక్కడి వల్ల అతన్ని కాపాడబోయిన మరో ఇద్దరు పోయిన సందర్భాలు ఉన్నాయి.

వెళ్లేవాళ్లనూ కొంత అడుగుతున్నాం. ఆ రోజు ఎగువ మండలాల వాన హెచ్చరిక చూసుకొనే బయల్దేరండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పండి. మధ్యాహ్నం మూడు దాటాక మడుగులో ఉండకండి, వాన మబ్బు చాలాసార్లు సాయంత్రమే కడుతుంది. ధార పైఅంచుకు ఎక్కే ఆలోచనే వద్దు.

ప్రభుత్వాలు ఈ పనిని అన్ని చోట్లా ఒకేసారి చేయలేకపోతే నాలుగు చోట్ల మొదలుపెట్టాలి. తెలంగాణలో బొగత, కుంతాల, ఆంధ్రప్రదేశ్‌లో జలతరంగిణి, తలకోన. ఒక్కోచోట రోజుకు ఎందరికి అనుమతో తేల్చాలి, టికెట్ మీద పేరు, ఫోన్ నంబరు రాయాలి. ఎగువ వర్షమాపక కేంద్రంతో సైరన్‌ను కలపాలి. వనసంరక్షణ సమితి నుంచి కనీసం ఆరుగురిని ఎంపిక చేసి, తాడు వేయడం, ఊపిరి అందించడం నేర్పించి, వానాకాలమంతా జీతం మీద ఉంచాలి. ఇదంతా తొలకరికి ముందే కావాలి. రెండు రాష్ట్రాల అటవీ, పర్యాటక శాఖల మంత్రులు ఈ నాలుగు చోట్ల ఎవరిని నియమించారో, ఎంత జీతం ఇస్తున్నారో మే నెలాఖరులోగా ప్రకటించాలని కోరుతున్నాం. వానలు మొదలైన మొదటి ఆదివారం మా విలేకరులు ఆ నాలుగు గట్ల మీదా ఉంటారు.