ఫీజు దగ్గర మొహమాటం

అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్ కింద ఓనర్ రాసిచ్చిన చెక్కు బౌన్స్ అయింది, మా పక్క ఫ్లాట్ కుర్రాడికి. ఎన్నడూ కోర్టు గడప తొక్కినవాడు కాదు. ఆఫీసులో ఎవరి బాబాయికో తెలిసిన ప్లీడరు గారిని హైదరాబాద్ నాంపల్లిలో కలిసి, పావుగంటలో వకాల్తా మీద, అంటే తన తరఫున వాదించమని అధికారం ఇచ్చే కాగితం మీద, సంతకం పెట్టి, 10 వేలు ఫోన్‌పే చేసి వచ్చాడు. ఆ డబ్బు నోటీసుకా, మొత్తం కేసుకా అని అడిగాను. "అడగలేదన్నా. బాబాయికి బాగుండదని."

తొలిసారి లాయర్‌ను పెట్టుకునేవాళ్ల జేబుకు చిల్లు పడేది ఇక్కడే. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని, వాళ్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన. వృత్తి గౌరవం కోసం పెట్టిందే, కాదనను. కానీ రేట్లు ఎక్కడా కనిపించవు కాబట్టి అందరూ 'తెలిసినవాళ్ల' మీద పడతారు. ఆ తెలిసినతనం నమ్మకం ఇస్తుంది, బేరమాడే నోరు మాత్రం కట్టేస్తుంది.

పైగా తక్కువ ఫీజు అన్నది చాలాసార్లు కంటికి కనిపించే లెక్క మాత్రమే. 5 వేలకు ఒప్పుకుని వాయిదాకు వెయ్యి అంటే, పాతిక వాయిదాలకు 30 వేలు. గుమాస్తా ఖర్చులు, జిరాక్సులు, ఆఫీసులో పెట్టే సెలవులు వేరు. దశలవారీగా అడిగితేనే అసలు రేటు తెలుస్తుంది. చెక్కు కేసునే తీసుకోండి. చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందుకున్నవాడికి 15 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే నెలలోగా కేసు. నోటీసు ఒక పని, కేసు ఇంకో పని. నోటీసు చూడగానే దిగివచ్చే ఓనర్లూ ఉంటారు. అలాంటప్పుడు కేసు ఫీజు ముందే ఎందుకు కట్టాలి?

"గెలిస్తే ఇంత శాతం ఇవ్వండి చాలు" అనేవాళ్లూ తగులుతారు. డబ్బుల్లేనప్పుడు ఆ మాట తియ్యగానే ఉంటుంది, కానీ అలా మాట్లాడుకోవడం నిబంధనలకు విరుద్ధం. మొదటి రోజే నిబంధన దాటే మనిషికి నా కాగితాలైతే ఇవ్వను.

లాయర్ సేవలో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది. దుష్ప్రవర్తన అయితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు మాత్రం లాయర్‌కు లేదని అదే కోర్టు 2000లో చెప్పింది. అందుకే ఫీజు మాట కాగితం మీద ఉండాలి, కనీసం వాట్సాప్‌లోనైనా.

అసలు ఫీజే అక్కర్లేనివాళ్లు కూడా అప్పు చేసి లాయర్‌ను పెట్టుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. వీళ్లకు ఆదాయంతో పని లేదు. జీతం బాగా వచ్చే మహిళ అయినా సరే. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే న్యాయసేవల ఆఫీసు ఉంది, 15100కి ఫోన్ చేసినా చాలు. ఇక్కడ దొరికే లాయర్లంతా ఒకే శ్రద్ధతో పనిచేస్తారని చెప్పను. ఆ మాటకొస్తే డబ్బులిచ్చి పెట్టుకున్నవాళ్ల సంగతీ అంతే. కేసు ఎంతవరకు వచ్చిందో ఈకోర్ట్స్ యాప్‌లో మనమే చూసుకోవచ్చు, "వాయిదా పడింది" అన్న మాట మీదే ఆధారపడక్కర్లేదు.

మా కుర్రాడు మర్నాడు ఫోన్ చేసి అడిగాడు. ప్లీడరు గారు విసుక్కోలేదట. నోటీసుకు 3 వేలు, మిగతాది కేసు వేస్తే అందులో జమ అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. గుమాస్తా ఖర్చుల ఊసు మాత్రం అందులో లేదు.