సరిహద్దు జ్వరం ఎవరి లెక్క? ఫ్లూ మందుకు లొంగని వైరస్‌పై మన నిఘా

ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో జ్వరపడిన మనిషి ఏ రాష్ట్రం లెక్కలోకి వెళతాడో ముందుగా చెప్పడం కష్టం. జిల్లా ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. కాస్త ముదిరితే శ్రీకాకుళం, మరీ ముదిరితే విశాఖ కేజీహెచ్. పొరుగింటి ఒడియా కుటుంబం అదే జ్వరానికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలకు బయలుదేరుతుంది. గుణుపురం, రాయగడ, జయపురం తెలుగువారి సంగతీ ఇంతే. ఎటు బస్సు ముందు వస్తే అటు, ఎక్కడ చుట్టాలుంటే అక్కడ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు గీసిన గీత రెవెన్యూ పటాల్లో గట్టిగానే ఉంది. నౌపడ-గుణుపురం రైలుకు, పెళ్లి సంబంధాలకు, ఫ్లూ వైరస్‌కు మాత్రం అది పట్టదు.

ఇందులో వింతేముంది అనిపించవచ్చు. మామూలు జ్వరాల విషయంలో పెద్ద నష్టం లేదు కూడా. కానీ ఫ్లూ వైరస్ మందుకు లొంగడం మానేసిందా అని కనిపెట్టే పని పూర్తిగా నమూనాల మీద ఆధారపడింది. ఎవరి గొంతులోంచి, ఏ రోజున, మందు పడకముందా పడ్డాకా తీశారన్నదే అక్కడ అసలు ప్రశ్న. ఆ నమూనాలు రెండు రాష్ట్రాల మధ్య జారిపోతుంటే దేశంలో ఎంత గొప్ప ల్యాబ్ ఉన్నా దానికి ఈ ప్రాంతం కనిపించదు.

ఫ్లూ మీద నేరుగా పనిచేసే మందులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికేది ఒసెల్టామివిర్. టామిఫ్లూ పేరుతో 1999లో అనుమతి పొందిన మందు ఇది. దాని తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లాన్ని బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి తీసేవారు. (అలాగని అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ తగ్గదు. ఈ మాట చెప్పకపోతే రేపు వాట్సాప్‌లో తిరుగుతుంది.) 2005లోనే రోష్ కంపెనీ నుంచి హైదరాబాద్‌కు చెందిన హెటెరో దీని తయారీకి లైసెన్సు తీసుకుంది. మందు మన దగ్గరే తయారవుతోంది. అది ఇంకా పనిచేస్తోందా అని అడిగే గొంతు మాత్రం సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోతోంది.

అడగవలసిన అవసరం ఎంత ఉందో 2008 జనవరిలో నార్వే చూపించింది. ఆ చలికాలం అక్కడ సేకరించిన సీజనల్ హెచ్‌1ఎన్‌1 నమూనాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఒసెల్టామివిర్‌కు లొంగలేదు. విచిత్రమేమిటంటే నార్వేలో ఆ మందు వాడకం చాలా తక్కువ. మందు ఎక్కువగా మింగినచోటే మొండి వైరస్ పుడుతుందన్న లెక్క అక్కడ తప్పింది. వైరస్ పైనుండే న్యూరామినిడేజ్ అనే ఎంజైములో 275వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు టైరోసిన్ అనేది వచ్చింది. శాస్త్రవేత్తలు దీన్ని హెచ్‌275వై అంటారు. అంతకుముందు ఈ మార్పు వచ్చిన వైరస్‌లు బలహీనపడి, పోటీలో నిలవలేక అంతరించేవి. ఈసారి ముందుగానే చోటుచేసుకున్న వేరే చిన్న మార్పులు ఆ బలహీనతను పూడ్చాయని 2010లో తేలింది. 2008-09 సీజన్ వచ్చేసరికి ప్రపంచంలో తిరుగుతున్న సీజనల్ హెచ్‌1ఎన్‌1 దాదాపు అంతా ఆ మందుకు అతీతమైంది. ఆ తర్వాత 2009లో కొత్త హెచ్‌1ఎన్‌1, అంటే మనం స్వైన్‌ఫ్లూ అన్నది, వచ్చి పాత రకాన్ని తరిమేసింది. కొత్తది మందుకు లొంగేది. అలా గండం గడిచిందంటే అది అదృష్టమే, ఎవరి ముందుచూపూ కాదు.

అంతకుముందు తరం మందులకు ఆ అదృష్టం కూడా దక్కలేదు. అమాంటడిన్, రిమాంటడిన్‌లను ఫ్లూకు వాడవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) 2006 జనవరిలో చెప్పింది. నేటికీ మనుషుల్లో తిరుగుతున్న ఎ రకం ఫ్లూ వైరస్‌లు దాదాపు అన్నీ వాటికి లొంగవు. 2018లో వచ్చిన బలోక్సావిర్‌ది వేరే దారి, ఒక్క మోతాదు చాలు. కానీ జపాన్‌లో పిల్లల మీద జరిపిన ఒక పరిశీలనలో 77 మందిలో 18 మంది ఒంట్లో, చికిత్స తర్వాత, ఆ మందుకు సరిగా లొంగని వైరస్ కనిపించింది. కొత్త మందు వచ్చింది కదా అని నిశ్చింతగా కూర్చునే వీలు లేదన్నమాట.

ఇక పట్టుకునే పద్ధతి. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సరిహద్దు జిల్లాల లోటు ఇక్కడే బయటపడుతుంది. ల్యాబులో మొదటి మార్గం, వైరస్‌ను కణాలలో పెంచి, దాని ఎంజైమును సగానికి అణచడానికి ఎంత మందు కావాలో కొలవడం. మామూలు వైరస్ కంటే పది రెట్లలోపు మందు చాలితే చింత లేదు. ఎ రకం వైరస్‌లలో 10 నుంచి 100 రెట్లు కావలసి వస్తే లొంగుబాటు తగ్గినట్టు, 100 దాటితే బాగా తగ్గినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కొలమానం. బి రకానికి ఈ హద్దులు 5, 50. రెండో మార్గం, వైరస్ జన్యువును చదివి, తెలిసిన మార్పులున్నాయా అని చూడడం. ఒక్క హెచ్‌275వై కోసమే వెతికే పీసీఆర్ పరీక్షలు చవక, తొందరగా తేలతాయి. కానీ 2023లో ఐదు ఖండాలలో కనిపించిన ఒక హెచ్‌1ఎన్‌1 రకంలో ఆ మార్పు లేనే లేదు. 223, 247 స్థానాల్లో రెండు మార్పులు జతగా వచ్చి ఒసెల్టామివిర్ ప్రభావాన్ని 10 రెట్లకు పైగా తగ్గించాయి. ఒకే మార్పును వెతికే పరీక్ష దాన్ని మామూలు వైరస్ అనేస్తుంది. అందుకే జన్యువును పూర్తిగా చదవాలి, వీలైతే వైరస్‌ను పెంచి చూడాలి.

పెంచాలంటే వైరస్ బతికి ఉండాలి. ముక్కులోంచి, గొంతులోంచి పుల్లతో తీసిన నమూనాను వైరస్‌ను బతికించి ఉంచే గులాబీ రంగు ద్రవం ఉన్న గొట్టంలో (దీన్ని వీటీఎం అంటారు) ముంచి, మూత బిగించి, ఐస్‌ప్యాకుల మధ్య పెట్టాలి. 2 నుంచి 8 డిగ్రీల చలిలో 72 గంటల్లోగా ల్యాబుకు చేరాలి. ఆలస్యమయ్యేట్టయితే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరు కావాలి. రాయగడ కొండల అవతలి ఆరోగ్య కేంద్రం నుంచి శుక్రవారం సాయంత్రం బయలుదేరిన డబ్బా ఆదివారం ఏ గదిలో మూల కూర్చుంటుందో ఊహించుకోవచ్చు. సోమవారం ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ అనే రావచ్చు, వైరస్ చచ్చినా దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మిగులుతాయి కనుక. రోగికి కావలసిన జవాబు దొరికింది, ఫైలు మూతపడింది. మందుకు లొంగుతుందా అని పరీక్షించడానికి మాత్రం ఆ గొట్టంలో ఏమీ మిగల్లేదు.

పైగా మన నమూనాలు ఎక్కువగా ఒకే గుమ్మంలోంచి వస్తున్నాయి. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు హెచ్‌1ఎన్‌1 రోగులను ఎ, బి, సి అని మూడుగా విడదీశాయి. తేలికపాటి లక్షణాలున్న ఎ వర్గానికి పరీక్షా లేదు, ఒసెల్టామివిర్ కూడా లేదు. బి వర్గంలో వృద్ధులు, గర్భిణులు, దీర్ఘకాలిక జబ్బులున్నవారికి మందు ఇస్తారు, పరీక్ష అక్కర్లేదు. ఆసుపత్రిలో చేర్చవలసిన సి వర్గానికే పరీక్ష. చికిత్స కోణంలో ఇది సబబే, రిపోర్టు కోసం మందు ఆపకూడదు, తొలి 48 గంటల్లో పడితేనే గుణం ఎక్కువ. కానీ నిఘా కోణంలో చూస్తే, మందు తీసుకుంటున్న ఒక వర్గం మొత్తం పరీక్షకు అందడం లేదు. ఆసుపత్రికి చేరినవారిలో కొందరు అప్పటికే సగం కోర్సు వాడేసి ఉంటారు. వారిలో మొండి వైరస్ దొరికితే అది వారి ఒంట్లో మందు వల్ల మారిందా, మారిన వైరసే బయటినుంచి అంటుకుందా? మందు ఎప్పుడు మొదలుపెట్టారో ఫారంలో రాయకపోతే దీనికి జవాబు లేదు. 2011లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ ప్రాంతంలో 182 మందిలో 29 మందికి హెచ్‌275వై వైరస్ బయటపడింది. వారిలో దాదాపు ఎవరూ అంతకుముందు ఆ మందు వాడలేదు. ఆ సంగతి అడిగి రాసుకున్నారు కాబట్టే, మొండి వైరస్ ఊళ్లో మనిషి నుంచి మనిషికి పాకుతోందని తేల్చగలిగారు.

మన దగ్గర ఆ సమాచారం ఒకచోట ఉంది. 2009లో ఒసెల్టామివిర్‌ను షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకంపై గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో పెట్టారు, కొద్ది షాపుల్లోనే దొరికేది. 2017లో షెడ్యూల్ హెచ్1కు మార్చారు. అప్పటినుంచి చీటీ ఉంటే సాధారణ మందుల షాపులోనే ఇవ్వవచ్చు, అయితే విడిగా రిజిస్టరు రాయాలి, దాన్ని మూడేళ్లు దాచాలి. కౌంటరు వెనక ఉండే ఆ పొడుగాటి పుస్తకంలో తేదీ, డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్న గడులుంటాయి. పెద్దవారి కోర్సు 75 మిల్లీగ్రాములవి పూటకొకటి, ఐదు రోజులకు 10 క్యాప్సూల్స్. సంఖ్య గడిలో 10కి బదులు 4 ఉంటే ఎవరో డబ్బులు చాలక సగంలో సరిపెట్టుకుని ఉండవచ్చు. చాలీచాలని మందు ఒంట్లో ఉండగా వైరస్ పెరగడమే నిరోధకతకు దారి. ఒకే వారంలో ఒకే వీధి షాపుల్లో ఇలాంటి వరుసలు పెరిగితే అక్కడ ఫ్లూ పాకుతోందని ల్యాబు కంటే ముందే తెలుస్తుంది. పాతపట్నం షాపు రిజిస్టరులో పర్లాకిమిడి రోగుల పేర్లు, బరంపురం షాపులో ఇచ్ఛాపురం పేర్లు ఉండడం సహజం. డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చి స్టాకు సరిపోయిందా అని చూస్తారు. అది వారి పని. జ్వరాల ఆనవాలుగా ఆ వరుసలను చదివే పని ఎవరికీ అప్పగించలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ప్రపంచవ్యాప్తంగా పరీక్షించిన వైరస్‌లలో ఒసెల్టామివిర్ తరగతి మందులకు సరిగా లొంగనివి ఇటీవలి సంవత్సరాల్లో ఒక శాతంలోపే. డెంగీ, మలేరియా పీడిస్తున్న కొరాపుట్, మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో, ఒక్క ల్యాబ్ టెక్నీషియన్ మూడు పనులు చేసేచోట, ఇంత అరుదైన సంగతి కోసం ఖర్చెందుకు? ఆర్‌ఎంపీ దగ్గర ఫ్లూకు పనిచేయని అజిత్రోమైసిన్ రాయించుకుని సరిపెట్టుకునే జనానికి ఈ చర్చ దూరం కదా? రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సరైన మందు సమయానికి అందని సమస్య ఇక్కడ మొండి వైరస్ సమస్య కంటే పెద్దది. కానీ మొదటి మాట నిలవదు. నార్వే ఘటనకు ముందు ఏడాది కూడా ఆ శాతం చాలా తక్కువే. ఒక శాతం నుంచి నూరు శాతానికి వైరస్ ఎంత వేగంగా వెళ్లగలదో అప్పుడే చూశాం. దేశంలో 2015లో హెచ్‌1ఎన్‌1 కేసులు 42,592, మరణాలు 2,990 అని అధికారిక లెక్క. ఆ ఏడాది చేతిలో ఉన్న ప్రధాన మందు పనిచేయకపోయి ఉంటే ఆ రెండో సంఖ్య ఎక్కడ ఆగేదో.

కోళ్ల సంగతి ఇంకా ఉంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ హెచ్‌5ఎన్‌1 బయటపడింది. మరుసటి నెల పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఆ వైరస్‌తో మరణించినట్టు పుణే ల్యాబు నిర్ధారించింది. గోదావరి గుడ్లు, కోళ్లు ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాకు వెళుతూనే ఉంటాయి. కోళ్లను చంపి పూడ్చే కూలీలకు ముందుజాగ్రత్తగా ఇచ్చేది ఈ ఒసెల్టామివిరే. 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎనిమిది కోళ్ల ఫారాల హెచ్‌5ఎన్‌1లో అదే హెచ్‌275వై మార్పు కనిపించింది. అలాంటిది ఇక్కడ తలెత్తితే ఆ కూలీకి మనం ఇచ్చిన ధైర్యం ఉత్తిదే అవుతుంది. పక్షుల నమూనాలు చూసేది భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబు, మనుషులవి చూసేది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ. రెండు శాఖలు, రెండు రాష్ట్రాలు. వెరసి నాలుగు ఫైళ్లు.

చేయవలసింది కొత్త భవనం కట్టడమేమీ కాదు. వానాకాలంలో ఫ్లూ పెరిగే నెలల్లో పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం, ఇచ్ఛాపురం ఆసుపత్రుల ఓపీలో వారానికి ఒక రోజు కేటాయించి, ఆ రోజు తేలికపాటి జ్వరంతో వచ్చినవారి నుంచి కూడా కొద్ది నమూనాలు తీయాలి. ఆ రోజు శుక్రవారం కాకుండా చూసుకోవాలి. ఒడిశా వైపు నమూనాలను భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం చూస్తుంది, ఇవతలివి విశాఖలో చూడవచ్చు. పాజిటివ్ వచ్చినవాటిలో వైరస్ ఎక్కువగా ఉన్నవాటిని పుణేకు పంపాలి. ఫారంలో రెండు గడులు తప్పనిసరి చేయాలి: ఒసెల్టామివిర్ మొదలుపెట్టిన తేదీ, రోగి అసలు నివాసం. ఈ రెండో గడి విషయంలో సిబ్బంది కాస్త ఓపిక పట్టాలి. ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమోనని ఇవతలి చుట్టాల చిరునామా రాయించే కుటుంబాలున్నాయి. నిఘా కోసం అడుగుతున్నామని, చికిత్సకు అడ్డం రాదని చెబితేనే నిజం చెబుతారు. ఎన్నికల కోసం, గంజాయి రవాణాను అడ్డుకోవడం కోసం సరిహద్దు జిల్లాల అధికారులు కలిసి కూర్చునే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఆ బల్ల దగ్గరికే ఇద్దరు జిల్లా వైద్యాధికారులను, ఇద్దరు పశుసంవర్ధక అధికారులను పిలిచి, హెచ్1 రిజిస్టర్ల నెలసరి మొత్తాలను పేర్లు తీసేసి మార్చుకోమనాలి. జూన్ లోపు ఒక్కసారి కూర్చున్నా ఈ వానాకాలానికి పని మొదలవుతుంది.