అన్నిటికన్నా తేలికైన ట్రైపాడ్ మనకెందుకు?

సంక్రాంతికి ఊరికి టికెట్లు కొన్నవాళ్లు ఈమధ్య తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: తక్కువ ధరలో అన్నిటికన్నా తేలికైన ట్రైపాడ్ (కెమెరా నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు) ఏది? నా జవాబు చాలామందికి రుచించదు. తక్కువ ధరలో కొనండి, తప్పకుండా. కానీ కోనసీమకు వెళ్తున్నట్టయితే అన్నిటికన్నా తేలికైనది మాత్రం వద్దు.

తేలికదనానికి ఎంత చెల్లిస్తున్నామో చూడండి. పీక్ డిజైన్ కంపెనీ ట్రావెల్ ట్రైపాడ్‌లో అల్యూమినియంది 1.56 కిలోలు, కార్బన్ ఫైబర్‌ది 1.27 కిలోలు. 2019లో అవి మార్కెట్‌లోకి వచ్చినప్పుడు రెండింటి ధరల్లో తేడా 250 డాలర్లు. మూడు వందల గ్రాములు కూడా లేని తేడాకు అంత సొమ్మా? తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీలు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు సర్దుకునేటప్పుడు మనం గ్రాములు లెక్కపెట్టం కదా.

ఇక తేలిక, చవక రెండూ ఒకేదానిలో దొరికిందంటే కోత ఎక్కడో పడే ఉంటుంది. చాలావరకు అది కాళ్లలోనే. ఐదు మడతల కాలులో చివరి గొట్టం పెన్సిలంత సన్నగా ఉంటుంది, గాలికి వణుకుతుంది. నాలుగు మడతలు చాలు. మధ్య కడ్డీ పైకి లేపకుండానే ఛాతీ ఎత్తుకు వస్తే సరిపోతుంది. కిలోంబావు నుంచి కిలోన్నర దాకా బరువున్నా పరవాలేదు. బావమరిది బండి వెనక కూర్చుని గట్ల మీద తిరిగేవాడికి బరువు కన్నా మడిచినప్పటి పొడవే ముఖ్యం. అది నలభై సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే ఒళ్లో పెట్టుకోవచ్చు.

పెట్టె మీద ‘ఎనిమిది కిలోలు మోస్తుంది’ అని రాసి ఉంటే నమ్మేయకండి. తయారీదారులందరూ పాటించే కొలమానం ఏదీ లేదు, ఎవరి లెక్క వారిది. దుకాణంలోనే మీ కెమెరా బిగించి, ముందుకు కాస్త వంచి, బాల్ హెడ్ (కెమెరా కింద ఎటైనా తిరిగే కీలు) గట్టిగా బిగించి, తెర మధ్యలో ఒక గుర్తు చూసుకోండి. అర నిమిషంలో ఆ గుర్తు జారిందా, ట్రైపాడ్ అక్కడే వదిలేసి రండి. డెల్టాలో ఈ లోపం మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కొండలు లేని నేల మనది. చేను తీసినా, కాలువ తీసినా, సముద్రం తీసినా ఫ్రేములో అడ్డంగా ఒక గీత ఉండనే ఉంటుంది. అది రవ్వంత వాలినా ఫొటో అంతా ఒరిగిపోతుంది.

అసలు పరీక్ష పెట్టేది ఒండ్రు నేల. మంచు విడవని వేళ లంక ఒడ్డున నిలబెట్టి రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజరు ఇస్తే (అంతసేపు కెమెరా కన్ను తెరిచి ఉంచితే), నీటి వైపు కాలు మెల్లగా కిందికి దిగుతుంటుంది. కంటికి తెలియదు, ఫొటోలో పడవ అంచు రెండుగా కనబడినప్పుడు తెలుస్తుంది. ఎంత ఖరీదైన కార్బన్ కాళ్లయినా ఇంతే. దీనికి మందు ఇంట్లోనే ఉంది: తురిమేసిన కొబ్బరి చిప్పలు మూడు తెచ్చి, వెల్లకిలా పెట్టి నేలలోకి అదిమి, ఒక్కో కాలు ఒక్కో చిప్పలో ఉంచండి. అంతర్వేదిలో బాధ వేరు, అక్కడ సముద్రపు గాలి. బరువు కోసం మధ్య కడ్డీ కొక్కేనికి సంచి తగిలించమంటారు గానీ, గాలికి సంచి ఊగితే ట్రైపాడ్ కూడా ఊగుతుంది. సంచి అడుగు ఇసుకకు ఆనేలా తగిలించాలి.

కాళ్ల గొట్టాలను బిగించే లాకుల విషయంలో నా ఓటు క్లిప్పులకే. తిప్పే లాకులు చూడ్డానికి నాజూకు, కానీ మరల్లో ఇసుక చేరితే కరకరమంటాయి, విప్పి కడగాలి. ఉప్పునీటిలో దించిన కాళ్లను ఆ పూటే మంచినీటితో కడిగి, ముడవకుండా నీడన ఆరబెట్టాలి.

ట్రైపాడ్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద ఇంజను అదురు కాళ్లలోంచి కెమెరాకు ఎక్కుతుంది, చేత్తో పట్టుకోవడమే నయం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కాళ్లు విప్పే జాగాయే ఉండదు. 2027 గోదావరి పుష్కరాలకు వచ్చేవారు కూడా స్నానాల వేళ ఘాట్ల మీద ట్రైపాడ్ విప్పకండి, చీకట్లో దాని కాళ్లు తగిలి పెద్దవాళ్లు పడతారు. రాజమండ్రి ఆర్చ్ వంతెనను రాత్రి తీయాలంటే రద్దీకి దూరంగా ఒడ్డు చూసుకోండి.

ఇంతకీ ట్రైపాడ్‌ను మీరుండే నగరం నుంచి మోసుకెళ్లడం ఎందుకు? కాకినాడలోనో రాజమండ్రిలోనో కొని, ఊళ్లోనే వదిలి రండి. వచ్చే ఏటికి సిద్ధంగా ఉంటుంది. అటక మీద మాత్రం పెట్టించకండి. ఫోను క్లాంపు ఒకటి తగిలించి మేనల్లుడి చేతిలో పెట్టండి. రీల్సే తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. వాడుతూ ఉంటే లాకులు బిగుసుకుపోవు.