అడక్కుండా తీసిన ముఖం

వార్తా ఫోటోల్లో నీతి గురించి మాట మొదలైతే చాలు, అది సూడాన్ రాబందు ఫోటో దగ్గరికి వెళ్లి ఆగుతుంది. కరువులో ఆకలితో నేల మీద వాలిపోయిన బిడ్డ, వెనకాల కాచుకుని ఉన్న రాబందు. 1993లో కెవిన్ కార్టర్ తీశాడు. మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది, అదే ఏడాది జూలైలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఫోటో తీయాలా, బిడ్డని ఎత్తుకోవాలా అని ముప్పై ఏళ్లుగా జర్నలిజం క్లాసుల్లో వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనీండి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన బతికేవాళ్లకి అది అసలు ప్రశ్న కాదు. ఇక్కడ లారీ గుద్దితే 108 వస్తుంది, టీ బంకు వాళ్లు పరిగెత్తుకొస్తారు, చాలాసార్లు ఫోటో తీసే విలేకరే ముందుగా ఒక చెయ్యి వేస్తాడు. ఇక్కడి ప్రశ్న ఆ తర్వాతది. పడిపోయిన మనిషి ముఖాన్ని ఊరందరికీ చూపించే హక్కు ఎవరిచ్చారు?

మా చిన్నాన్న నెల్లూరు ఆస్పత్రిలో ఉన్న బావమరిదికి క్యారేజీ తీసుకుని తెల్లారకముందే బండి మీద బయలుదేరాడు. కొడవలూరు దగ్గర లారీ కొట్టింది. ఎనిమిదింటికల్లా మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఒక వెబ్ పోర్టల్ ఫోటో వచ్చింది. పైన వాళ్ల లోగో, కింద 'గుర్తుతెలియని వ్యక్తి మృతి'. పక్కింటి పిల్లాడు ఆ ఫోన్ తెచ్చి, "పెద్దమ్మా, ఎవురో చూడు, మన వైపు మనిషిలాగుండాడు" అని పిన్నమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ముఖం చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే స్థితిలో ఆ ముఖం లేదు. చొక్కా రెండో గుండీ చూసి గుర్తుపట్టింది. తెల్లదారం దొరక్క నల్లదారంతో ముందురోజు రాత్రి తనే కుట్టిన గుండీ అది. పోలీసుల ఫోన్ వచ్చేసరికి ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు.

ఆ పోర్టల్ అతనికి నేనే ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, గుర్తుపడతారనే గదా పెట్టింది. పెట్టబట్టే గదా మీకు తెలిసింది" అన్నాడు. ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక మనిషిని గుర్తుపట్టడానికి బండి నంబరు చాలు, జేబులో ఫోను చాలు, క్యారేజీ గిన్నె మీద చెక్కించుకున్న పేరు చాలు. ఆ మూడూ అక్కడే, అదే రోడ్డు మీద ఉన్నాయి. వాటిని ఎవరూ ఫోటో తీయలేదు.

తప్పంతా ఆ కుర్రాడి మీద వేసేసి చేతులు దులుపుకోలేను. లైన్ ఎకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకి లెక్కగట్టి ఇచ్చే డబ్బు మీద, బతికే మండల విలేకరికి జీతం లేదు, పెట్రోలు ఖర్చు కూడా చేతిదే. అందరికంటే ముందు ఫోటో పంపకపోతే రేపు అతని చోట్లో ఇంకొకడుంటాడు. ముఖం కనబడేలా పంపమని అడిగేది డెస్క్, అంటే ఆఫీసులో కూర్చుని వార్తలు దిద్ది వేసేవాళ్లు. వేసేది డెస్క్. దాన్ని మసకబరచడానికి అరనిమిషం పట్టదు. ఆ అరనిమిషం ఎందుకు పెట్టరంటే, పోయినవాడి తరఫున ఫోన్ చేసి నిలదీసేవాళ్లు ఉండరని వాళ్లకి తెలుసు కాబట్టి. పెద్దింటి పిల్లాడి కారు డివైడర్‌ని గుద్దినప్పుడు పేపర్లో ఏం వస్తుందో గుర్తు చేసుకోండి. నుజ్జయిన బానెట్ వస్తుంది, పక్కన ఆ పిల్లాడి నవ్వుతున్న పాస్‌పోర్టు ఫోటో వస్తుంది. ఆటోలో కూలికి పోతూ చచ్చిపోయిన ఆడవాళ్లకి మాత్రం చీర జారిపోయి ఉన్న ఫోటో. రెండూ వేసేది అదే డెస్క్.

పత్రికల నడత చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో దీనికి ఒక వాక్యం ఉంది. వ్యక్తిగత దుఃఖ సమయాల్లోకి కెమెరాతో చొరబడకూడదని. వెంటనే ఇంకో వాక్యం. ప్రమాదాలు, ప్రకృతి విపత్తుల బాధితుల ఫోటోలు విశాల ప్రజాప్రయోజనం కిందకి రావచ్చని. ముందు తలుపు వేసి, వెనకాలే కిటికీ తెరిచి పెట్టారు. అందరూ ఆ కిటికీలోంచే దూరుతున్నారు. పైగా కౌన్సిల్‌కి మందలించే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు. టీవీలూ పోర్టళ్లూ అసలు దాని పరిధిలోనే లేవు. అత్యాచార బాధితురాలి వివరాలు ఆమె చనిపోయినా బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ఆ పిల్లల ఫోటోకే కాదు, చదివే బడి పేరుకి కూడా అడ్డం నిలబడుతుంది. ఈ రెండు విషయాల్లో మీడియా భయపడుతుంది, జాగ్రత్త పడుతుంది. అంటే జాగ్రత్త పడటం చేతగాక కాదు. రోడ్డు మీద చచ్చిపోయినవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ భయం లేదు, అంతే.

దారుణాన్ని దారుణంగా చూపించకపోతే ప్రభుత్వాలు కదలవు అనేవాళ్లున్నారు. 1984లో భోపాల్ మట్టిలో పూడ్చుతున్న పసిబిడ్డ ముఖం లేకపోతే ప్రపంచానికి ఆ విషవాయువు అర్థమయ్యేదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ భోపాల్ ఫోటో ఒక కంపెనీని వేలెత్తి చూపించింది. మా చిన్నాన్న ఫోటో ఎవర్ని చూపించింది? ఆ లారీ నంబరు కూడా అందులో లేదు.

2012 జూలై 30 తెల్లవారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ తగలబడింది. ముప్పై మందికి పైగా కాలిపోయారు. ఆ రోజు నుంచి నాకు గుర్తుండిపోయింది ఏ మృతదేహమూ కాదు. మసిబారిన బోగీ, దాని కిటికీలకి అడ్డంగా ఉన్న ఇనుప ఊచలు. లోపలివాళ్లు ఎందుకు బయటికి రాలేకపోయారో ఆ ఊచలే చెప్పాయి. ప్రజాప్రయోజనం అంటే అది.

అసలు ఫోటో సత్తా ఏమిటో ఈ జిల్లాకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు పేపర్లలో వచ్చిన ఫోటోలు చూసినవాళ్లకి గుర్తుంటాయి. సారా కొట్టు ముందు బైఠాయించి, కొంగు నడుముకి బిగించి, సూటిగా కెమెరాలోకి చూస్తున్న ఆడవాళ్లు. తమ ఫోటో తీస్తున్నారని వాళ్లకి తెలుసు, తీయాలనే నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఒక్క శవం ముఖం కూడా చూపించకుండా.

అందుకే నాకు కనిగిరి ఫ్లోరైడ్ ఫోటోలంటే ఒళ్లు మండుతుంది. ఈ మెట్ట ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న 1937లోనే, ఇక్కడి నీళ్లతో ఎముకలు వంకర పోతున్నాయని తెల్లదొరల కాలం డాక్టర్లు రాశారు. అప్పట్నుంచీ తరాలు మారాయి, జిల్లా ప్రకాశం అయింది, ఫోటో మారలేదు. మంచం మీద ఒక ముసలాయన, పైకి లాగిన పంచె, వంకర కాళ్లు. ఆ పంచె పైకి లాగమన్నది ఎవరు? ఆయన ఒప్పుకున్నాడా? ఆ ఫోటో వేసిన ప్రతిసారీ ఆయన ఊరికి నీళ్లొచ్చాయా?

ఈ మెట్టకి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాల్ని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైనే. దండలు, శిలాఫలకం, చేతులూపుతున్న నాయకులు, అన్ని ఫోటోలూ వచ్చాయి. అప్పటికి ఆ నీళ్లు నిలవాల్సిన నల్లమలసాగర్ జలాశయం ముంపు ఊళ్ల పునరావాసమే పూర్తి కాలేదు. మెట్టలో వంకర కాళ్లు వేసిన పేజీలోనే, ఆ శిలాఫలకం ఫోటోని దాని పక్కన పెట్టి, 'నీళ్లు ఎప్పుడు?' అని ఒక్క డెస్క్ వేసి ఉంటే ఆ ముసలాయన పంచె ఎత్తినందుకు ఫలితం ఉండేది. నేను అడుగుతున్నది కెమెరా దించమని కాదు. ఇటు తిప్పినదాన్ని అటు తిప్పమని.

చిన్నాన్న పెద్దకర్మకి గోడకి పెట్టే ఫోటో కోసం పిన్నమ్మ బీరువా అంతా వెతికింది. కావలి స్టూడియోలో పెళ్లయిన కొత్తలో ఇద్దరూ దిగిన ఫోటో దొరికింది. ఆయన ఒక్కడి ముఖం వరకు తీయించి ఫ్రేము కట్టించాం. పోర్టల్‌లో ఉన్నది తీసేయమని నేను మూడుసార్లు ఫోన్ చేశాను. లోగోతో సహా అది ఇంకా అక్కడే ఉంది.