ఎనిమిది కిలోల పరువు

గోదావరి డెల్టాకు ఇప్పుడున్న అసలు సమస్య కాలవలకు నీళ్ళెప్పుడొదులుతారన్నది కాదు. రొయ్యల మేత ధర కాదు, ధాన్యంలో తేమ శాతం అంతకన్నా కాదు. కారు ముందు చక్రాలకు 8 కిలోల స్ప్రింగు వెయ్యాలా, 10 కిలోలది వెయ్యాలా అన్నది. అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ టీ కొట్టు దగ్గర చూసినా, నేలకు జానెడెత్తు కూడా లేని పోలోకో స్విఫ్టుకో ఆనుకుని కుర్రాళ్ళు ఇదే తేలుస్తున్నారు. ఇంత ముఖ్యమైన విషయాన్ని పెద్దలెవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

తెలియనివారికి మనవి. 8 కిలోలంటే స్ప్రింగు బరువు కాదు. దాన్ని ఒక్క మిల్లీమీటరు నొక్కాలంటే 8 కిలోల బరువు మోపాలని అర్థం. చిన్న కార్లకు కంపెనీ వేసేవి 2 కిలోలకు కాస్త అటూఇటూ ఉంటాయి. నలుగురిలో నిలబడి ‘నాది రెండండీ’ అని చెప్పుకోవడం ఎంత నామోషీ! పక్కవాడు 6 అంటే మనం 8 అనాలి. మనం 8 అన్నామని తెలిసి వాడు మర్నాడే 10 ఆర్డరు పెట్టాలి. చిత్రమేంటంటే, అంకె పెద్దదైతే సరుకు గొప్పదైపోదని ఈ ప్రాంతంలో చెరువు గట్టు తొక్కిన ప్రతివాడికీ తెలుసు. కిలోకి వంద తూగే వంద కౌంటు రొయ్యకన్నా, ముప్ఫైయే తూగే ముప్ఫై కౌంటు రొయ్యకే ఎక్కువ ధర పలుకుతుంది. తండ్రి చెరువు దగ్గర చూపించే ఈ తెలివి కొడుకు కారు దాకా ఎందుకు రాలేదో పరిశోధించాల్సిందే.

లెక్క కూడా చూద్దాం, లేకపోతే పక్షపాతం అంటారు. ముందు చక్రం ఒక్కదాని మీద 280 కిలోల బరువు పడుతోందనుకోండి. 2 కిలోల స్ప్రింగు ఆ బరువుకి 140 మిల్లీమీటర్లు కుంగుతుంది. 8 కిలోలది 35 మిల్లీమీటర్లు కుంగి ఇక చాలంటుంది. గొయ్యి వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి నెట్టేది ఈ కుంగుడే. అంతకన్నా లోతైన గొయ్యి అయితే చక్రం గాల్లో వేలాడుతుంది, గాల్లో ఉన్న టైరుకి పట్టెక్కడిది? ఇక ఊపు సంగతి. మొదటి స్ప్రింగు మీద కారు సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది, రెండో దాని మీద 2.7 సార్లు. ఇంటి కార్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య, హుషారు కార్లు ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఉంటాయి. రెండు దాటితే రేసు ట్రాకు వ్యవహారం. రోడ్డు మీద హుషారుగా నడపడానికి 1.7 చాలనుకుంటే మూడుంపావు కిలోల స్ప్రింగు సరిపోతుంది. మూడుంపావు! ఇదేమన్నా వంకాయల బేరమా?

వేరే కారుకి వేసిన అంకె తెచ్చి మన కారుకి తగిలించడం ఇంకో ఘనకార్యం. స్ప్రింగు చక్రం పక్కనే ఉందా, చక్రాన్ని బండికి కలిపే ఇనుప చేతి మధ్యలో కూర్చుందా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే నొక్కుకుంటే, 10 కిలోల స్ప్రింగు చక్రం దగ్గర 4.9 కిలోల పనే చేస్తుంది. ఏ జపాను కారుకో పది వేశారని చూసి మన స్ట్రట్‌కి, అంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండే కాలికి, పది బిగిస్తే, స్ట్రట్ చక్రాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి, దాదాపు పదికి పదీ నడుముకే ముడుతుంది.

డబ్బులు లేనివాళ్ళకి గ్రైండరుంది. ‘ఆయ్, ఒక చుట్టు లేపేద్దామండి’ అంటాడు మెకానిక్కు. చుట్టు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే. పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి కోసినప్పుడు 20 శాతం గట్టిపడుతుంది. కారు మాత్రం ఆ గట్టిదనానికి తగ్గదానికన్నా ఎక్కువే దిగి బంప్ స్టాపు మీద కూర్చుంటుంది. అక్కణ్ణించి బండిని మోసేది ఆ రబ్బరు ముక్కే. షాకబ్జర్లు పాతవే ఉంచుతారు, అదో పొదుపు. స్ప్రింగు నాలుగింతలైతే వాటి పట్టు రెండింతలన్నా కావాలి. లేకపోతే ఎగిరిన కారు ఎగురుతూనే ఉంటుంది.

మన రోడ్లు ఇందుకు చక్కగా సహకరిస్తాయి. కింద వర్షానికి ఉబ్బి ఎండకు కుంచించుకునే బంకమట్టి, పక్కన కాలవ, పైన నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీలు. స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. మన ఊళ్ళో మాత్రం దాన్ని రాత్రికి రాత్రే కంకరా సిమెంటూ కలిపి గడపలా కడతారు. దాని ముందు ఈ కారు ఆగుతుంది. వెనక కూర్చున్న ముగ్గురూ దిగుతారు. డ్రైవరు స్టీరింగు ఓరగా తిప్పి ఒక్కో చక్రాన్నీ బతిమాలి ఎక్కిస్తాడు. కింద కర్రుమనగానే అతని దవడ బిగుసుకుంటుంది. వెనకాల గేదెలు ఓపిగ్గా నిలబడతాయి. దిగినవాళ్ళు నాలుగడుగులు నడిచి మళ్ళీ ఎక్కుతారు. 110 హార్స్‌పవర్ ఉన్న బండండీ ఇది!

వెనక స్ప్రింగుల గురించి 1930లలోనే జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు ఒక మంచి మాట తేల్చాడు. ముందుకన్నా వెనక కాస్త త్వరగా ఊగాలి, అప్పుడు గతుకు దాటాక రెండూ ఒకేసారి సర్దుకుంటాయని. పాపం ఆయన సంక్రాంతి చూడలేదు. కనుమ మర్నాడు తిరుగు ప్రయాణంలో వెనక అత్తగారు, బియ్యం బస్తా, పనసకాయ, రెండు డజన్ల కొబ్బరికాయలు, అరిసెల డబ్బా ఎక్కాక ఏ లెక్కా నిలవదు. అందుకని నేనొక ప్రమాణం ప్రతిపాదిస్తున్నాను. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి వెనక సీట్లో పెట్టి, రావులపాలెం నుంచి కాలవ గట్టు మీదుగా అమలాపురం తోలుకురావాలి. మూత తీసినప్పుడు రేకులు చుట్టినవి చుట్టినట్టుంటే స్ప్రింగు పాస్. పొడుంగా ఉంటే ఆ పొడుం చెంచాతో తినే బాధ్యత కారు ఓనరుదే.

మా వీధి కుర్రాడు ఈ పరీక్షకు ఒప్పుకోలేదు. వాళ్ళమ్మగారు అంబాజీపేట వెళ్ళాలంటే ఆటో పిలిపించుకుంటున్నారు, అదీ ఇంట్లో కారుండగా. చివరికి మొన్న 8 కిలోల సెట్టు అమ్మకానికి పెట్టాడు. తణుకు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, చేత్తో తట్టి చూశాడు, బేరం కూడా ఆడలేదు. ‘ఇంతకన్నా గట్టివి ఎవరి దగ్గరన్నా ఉన్నాయాండీ?’ అని మాత్రం అడిగాడు.